మైపాడు ఫైనలూ, నా పద్దెనిమిది కవళ్ళూ

లంచమట! పద్దెనిమిది కవళ్ళు లంచమట! అరచెయ్యంత పొడవు కూడా లేని చేపలండీ అవి. వాటికి ఆశపడి, మద్రాసు పత్రికలో జీతం తీసుకునే నేను, చేతి గడియారం ఆపేసి జిల్లా చెడుగుడు ఫైనల్ని ఒక ఊరికి అమ్మేశానని పోటీల సెక్రటరీ గారు మా ఎడిటరుకి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. నాలుగు పేజీలు! ఆ ఫైనల్ గురించి మా పత్రిక వేసింది మూడు లైన్లు. అందులో గెలిచిన ఊరి పేరు కూడా తప్పే.

ఎడిటరు గారు ఆ ఉత్తరం నా బల్ల మీద పడేసి, "సమాధానం రాసుకో. తిట్లు మాత్రం వద్దు" అన్నారు. సరే. మీలో చాలామంది నెల్లూరు దాకా వెళ్ళి ఉంటారు గానీ అక్కణ్ణించి సముద్రం వైపు తిరిగి ఉండరు. అందుకని మొదటినుంచీ చెప్తాను. తిట్లు వస్తే ఎడిటరు గారే కొట్టేసుకుంటారు.

నేను పుట్టిందీ పెరిగిందీ మద్రాసులో. ఆఫీసులో నా పని ఫోను. ఏ ఊళ్ళో ఏ ఆటలో ఎవరు గెలిచారో ఫోనులో విని రాసుకోవడం. ఎడమ చెవికి రిసీవరు, కుడిచేతిలో పెన్సిలు. ఇంటికెళ్ళినా చెయ్యి చెవి దగ్గరికే పోతోందని మా అమ్మ ఎగతాళి చేస్తుంది. అలాంటివాణ్ణి మూడు వారాలపాటు నెల్లూరు సముద్రపు ఒడ్డుకి పంపారు. సెమీఫైనళ్ళు రెండూ, ఫైనలూ చూసి ఫోను చెయ్యమన్నారు. అక్కడ ఫోనుందా అని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

కోట

గూడూరులో రైలు దిగి, కోట బస్సెక్కాను. కొత్త పైసలు వచ్చి నాలుగేళ్ళయింది, కోటకి మాత్రం ఇంకా చేరలేదు. ఇడ్లీలమ్మే ఒక ముసలమ్మ దగ్గర అణాకి రెండు ఇడ్లీలు. మద్రాసులో అణాకి ఒక్కటే, అదీ ఇందులో సగం. కడుపు నిండా తిని కొత్త పైసలు లెక్కపెట్టి ఇస్తే ఆవిడ అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది నాయనా, చొక్కా బొత్తాముల మాదిరి ఉండాయి?"

"కొత్త పైసలమ్మా. దేశమంతా ఇవే చెల్లుతున్నాయి."

"దేశానికి ఇచ్చుకో పో. నాకు అణాలియ్యి."

దేశం తరఫున ఆవిడతో పావుగంట పోట్లాడాను. చివరికి పక్కనున్న బండివాడు అణాలు ఇచ్చి, నా కొత్త పైసలు తీసుకున్నాడు. ఆ మార్పిడిలో నాకు ఏదో నష్టం వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం.

మొదటి సెమీఫైనల్ కోటకీ మైపాడుకీ. కోటవాళ్ళు సేద్యగాళ్ళు, మైపాడువాళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళు. ఆట గురించి తెలియని మద్రాసు దొరలకి ఒక్క ముక్క చెప్తాను. కూతకెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి కూత పెడుతూ, అవతలి గడిలో ఒకణ్ణి తాకి, కూత తెగేలోగా నడిమి గీత దాటి రావాలి. మామూలు మనిషికి కూత పదో పదిహేనో సెకన్లు. మైపాడు కెప్టెన్ పోలయ్య కూతకెళ్తే నా పక్కనాయన గోళీసోడా కొట్టించుకుని, తాగి, సీసా ఇచ్చి, చిల్లర కోసం కొట్టువాడితో తగువు మొదలుపెట్టాడు. పోలయ్య కూత ఇంకా నడుస్తోంది.

మైపాడు గెలిచింది. నేను ఫోను కోసం పోస్టాఫీసుకి పరుగెత్తాను. ఫోను ఉంది, చెక్కపెట్టెలో. పెట్టెకి తాళం. తాళంచెవి పోస్టుమాస్టరు గారి మొలతాడుకి. పోస్టుమాస్టరు గారు ఆట దగ్గర. ఆటంతా నా చెవి పక్కనే ఈల వేస్తూ కూర్చున్న మనిషి ఆయనేనని తర్వాత తెలిసింది.

తిరిగొచ్చేసరికి పోలయ్య సోడా కొట్టు దగ్గర మోకాలికి తడిగుడ్డ చుట్టుకుంటున్నాడు. ముప్పై ఆరేళ్ళుంటాయి. మెడ మీద వలతాడు ఒరుసుకున్న గుర్తులు.

"ఫైనల్ ఎన్నిసార్లు ఆడారు పోలయ్య గారూ?"

"గారేంది సామీ, పోలయ్యా అనండి చాలు. మూడు తూర్లు ఆడినాం. మూడు తూర్లూ అల్లూరోళ్ళే కొట్టినారు."

"ఓడినవాళ్ళకి ఏమిస్తారు?"

"సబ్బుపెట్టె. మనిషికొకటి. మా ఇంట్లో సబ్బు లేదు గానీ పెట్టెలు మూడుండాయి." పక్కనున్న అతని జట్టువాళ్ళు పగలబడి నవ్వారు. పోలయ్య నవ్వలేదు. "మోకాలు పోయింది సామీ. వచ్చే ఏడు నేను ఆడలేను. ఈ తూరి షీల్డు రాకుంటే ఇంక నాకు రాదు. అంతే."

నెల్లూరు

నెల్లూరులో సెక్రటరీ రంగనాయకులు గారిని కలిశాను. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పోటీలకి సెక్రటరీ ఆయనే, రిఫరీ ఆయనే, నిబంధనల పుస్తకం కూడా ఆయనే. ఆ పుస్తకాన్ని సిల్కు గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టారు. కాఫీ ఇచ్చారు, అందులో కాఫీ తప్ప అన్నీ ఉన్నాయి. మద్రాసువాడికి అలాంటి కాఫీ ఇస్తే కేసు పెట్టొచ్చు.

"ఇన్నాళ్ళూ మనవాళ్ళు ఆడింది ఆట కాదండీ, అల్లరి. ఒంటికి నూనె పూసుకుని జారిపోయేవాళ్ళు. ఇప్పుడు పుస్తకం వచ్చింది. పేజీ పదకొండు. ఒంటికి నూనె గానీ, జారుడు పదార్థం గానీ పూయరాదు. గోళ్ళు పెంచరాదు. ఐదు నిమిషాలకు మించి జట్టు గడి విడిచిపోరాదు."

"బాగుందండీ."

"మీ గడియారానికి సెకన్ల ముల్లుందా?"

ఉందన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "నా దానికి లేదు. ఫైనల్లో టైము మీరు చూడాలి. మద్రాసు పత్రిక, పైగా ఎవరి ఊరివారూ కారు. ఇంతకంటే నిష్పక్షపాతం నాకెక్కడ దొరుకుతుంది? నేను విజిల్ వేస్తే ఆపాలి. మళ్ళీ వేస్తే నడపాలి. అంతకుమించి మీరేమీ ఆలోచించక్కర్లేదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన మాత్రం పెట్టుకోలేదు.

అల్లూరు

అల్లూరులో ఎటు చూసినా కోసిన పొలాలు, వడ్ల కుప్పలు. అక్కడి జట్టు కెప్టెన్ వెంగళరెడ్డి. మనిషి గాదె మాదిరి ఉంటాడు, నవ్వితే కుర్చీ ఊగుతుంది. జట్టులో ఏడుగురూ బావలూ బామ్మర్దులూ. రెండో సెమీఫైనల్లో నెల్లూరు టౌను కుర్రాళ్ళని వరిమోపుల్ని ఎత్తినట్టు ఎత్తి గీత అవతల పెట్టారు.

తర్వాత భోజనానికి కూర్చోబెట్టారు. మొలగొలుకుల అన్నం, మామిడికాయ పప్పు, నెయ్యి. నెయ్యి అంటే మద్రాసులో చెంచాతో చూపించేది కాదు, చెంబుతో వంచేది.

"ఇంకొంచెం పెట్టించుకోండబ్బా. ఏంది మీరు, పిట్ట తిన్నట్టు తింటుండారు. మద్రాసులో తిండి దొరకదా?"

"దొరుకుతుందండీ. ఇంత దొరకదు."

"అందుకే మీరు ఫోనులో ఆడతారు, మేం గడిలో ఆడతాం" అని తొడ చరిచి నవ్వాడు.

ఫోను మాటెత్తాడు కాబట్టి ఫోను ఎక్కడని అడిగాను. ఊళ్ళో ఒకే ఒక్కటి, రైసుమిల్లులో. వెళ్ళి చూస్తే దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ తీస్తే డయలు మీద కుంకుమబొట్టు. మిల్లు గుమాస్తా చెప్పులు విప్పమన్నాడు. విప్పాను. ట్రంక్ కాల్ రావడానికి మూడు గంటలు పట్టింది. వచ్చాక మిల్లు మోతలో ఒక్క ముక్క వినబడక నేను గొంతు చించుకుంటుంటే, పాపం కూలీలు జాలిపడి మిల్లు ఆపేశారు. ఆపేసి, ముప్పైమంది నా చుట్టూ నిలబడి చూశారు. నేను రిసీవరు పెట్టగానే ఒకామె పక్కామెతో, "అంత అరిసేదానికి ఫోనెందుకు మే? ఈణ్ణించే అరిస్తే మద్రాసుకి యినబడుద్ది గదా" అంది. ముప్పైమందీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. చెప్పులు కనబడక ఇంకా మండింది.

మైపాడు

ఫైనల్ ఎక్కడ పెట్టాలో చీటీలు వేస్తే మైపాడు వచ్చింది. ముందురోజే బయల్దేరాను. దారిలో బకింగ్‌హాం కాలువ పడవ మీద దాటాలి. పడవవాడు ఇంకో ఇద్దరు వస్తారేమోనని గంట కూర్చోబెట్టాడు. నడి కాలువకొచ్చాక నా సహనం తెగి నాలుగు కేకలేశాను. అతను గడ నీళ్ళల్లో గుచ్చి, పడవ ఆపి, బీడీ వెలిగించాడు.

"ఏమయ్యా, ఎందుకాపావు?"

"మీరు అరవడం అయినాక పోదాం సామీ. నాకేం తొందర?"

అరవడం అయిపోయింది. వెళ్ళాం.

మన మెరీనాలో సముద్రం అంటే షికారు, వేరుశనగకాయలు, సాయంత్రం గాలి. మైపాడులో ఒడ్డు అంటే పనిచేసే చోటు. ఇసక మీద అడుగు పెడితే కింద ఎవరిదో వల ఉంటుంది, పైనించి ఎవరో తిడతారు. పోలయ్య ఇంటికి వెళ్తే అతని భార్య మంగమ్మ వాకిట్లో కూర్చుని ఎండుచేపలు తిప్పుతోంది. గోడకి పెద్ద మేకు కొట్టి ఉంది, దానికి జల్లెడ వేలాడుతోంది.

"ఆ మేకు షీల్డు కోసం కొట్టినాడు నాయనా, మూడేళ్ళనాడు. ఊరికే ఎందుకని నేను జల్లెడ తగిలిస్తుండా" అంది మంగమ్మ, మొగుడికి వినబడేట్టుగా.

"రేపు జల్లెడ తీసెయ్ లే" అన్నాడు పోలయ్య లోపల్నించి.

"పోయినేడు కూడా తీసినా. మళ్ళా తగిలిచ్చినా."

లోపల పోలయ్య మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాడు.

ఫైనల్

మధ్యాహ్నం నాలుక్కి ఆట. ఒడ్డుకి కొంచెం ఎగువన గడి గీశారు. ఊరు ఊరంతా వచ్చింది, అల్లూరు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. మొదటి సగం అల్లూరు ఆరు పాయింట్ల ముందు. రెండో సగంలో పోలయ్య కుంటుతూనే కూతకెళ్ళి ఒకేసారి ముగ్గుర్ని తాకి వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. వెంగళరెడ్డి తొడ చరుచుకోవడం మానేశాడు. ఆట మూడు నిమిషాలుందనగా మైపాడు ఇరవై రెండు, అల్లూరు ఇరవై.

సరిగ్గా అప్పుడు ఒడ్డున ఇసకదిబ్బ మీంచి ఒక ముసలాయన తువ్వాలు ఊపాడు.

విషయమేమిటంటే, ఆట జరుగుతుండగానే నీళ్ళల్లో కవళ్ళ గుంపు కనబడిందట. ఊళ్ళో పెద్దవాళ్ళు నలుగురు ఎవరికీ చెప్పకుండా పడవేసుకుని పోయి, దాని చుట్టూ అలివి వల వేసేశారు. అది ఒడ్డు నుంచి రెండు తాళ్ళతో లాగే పెద్ద వల, ఊరందరిదీ. ఇప్పుడు తాళ్ళు ఒడ్డుకొచ్చాయి. లాగేవాళ్ళు కావాలి. లాగేవాళ్ళందరూ ఇక్కడున్నారు.

ఒక్క క్షణం పోలయ్య గీత దగ్గర నిలబడిపోయాడు. నా వైపు చూశాడు, షీల్డు పెట్టిన బల్ల వైపు చూశాడు. తర్వాత, "పదండ్రా" అన్నాడు. ఏడుగురూ పరుగో పరుగు. వాళ్ళ వెనక ఊరు. నిమిషంలో మైదానం ఖాళీ.

రంగనాయకులు గారు విజిల్ నోట్లో పెట్టుకుని, బుగ్గలు పగిలేట్టు ఊదారు. నేను గడియారం ఆపాను. విజిల్ వేస్తే ఆపమన్నారు కదా! ఆ విజిల్ కోపంతో వేసిందట, ఆట ఆపడానికి కాదట. కోపం విజిల్‌కీ మామూలు విజిల్‌కీ తేడా ఏ పేజీలో ఉందో ఇప్పటికీ చూపించలేదు.

వెంగళరెడ్డి కాసేపు గడిలో నిలబడ్డాడు. "ఊరికే నిలబడి ఏం జేస్తాం? పదండిరా, రెండో తాడుకి మనుషులు చాల్లేదు" అని తన ఆరుగురినీ తీసుకుని వెళ్ళాడు. నేను మాత్రం ఎందుకాగుతాను? వెళ్ళి తాడు పట్టుకున్నాను. జీవితంలో పెన్సిలు కంటే బరువైంది పట్టని చేతులు, పది నిమిషాల్లో బొబ్బలు. నా వెనకున్న మంగమ్మ, "ఫోనాయనా, తాడుని చెవికి పెట్టుకోబాక, నడుముకి ఆనించు" అంది. తాడు పొడుగునా నవ్వులు.

ఇంకో సంగతి. వల దగ్గరికొచ్చేసరికి దిబ్బ మీద నిలబడి, పంచె ఎగ్గట్టి, "లాగండిరా! లాగండి! ఎడమవైపు జారుతోంది!" అని అందరికంటే గట్టిగా కేకలేసిన మనిషి పేరు రంగనాయకులు. ఉత్తరంలో ఈ సంగతి రాసుకోలేదు, నాలుగు పేజీల్లో చోటు చాల్లేదేమో.

గంటా పది నిమిషాలు. ఒడ్డున వెండి గుట్ట. ఆ ఊరి కట్టు ఏమిటంటే, తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో పాలు ఉంటుంది. చుట్టమా, పరాయివాడా అని చూడరు. అల్లూరువాళ్ళకి బుట్టలు, నాకు తాటాకు దొన్నెలో పద్దెనిమిది. వద్దంటే ఒక పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. "తాడు పట్టినావు, పాలు వద్దంటావు. మమ్మల్ని దొంగల్ని జేస్తావా?"

తర్వాత అందరూ గడిలోకి వచ్చారు. పద్నాలుగు మందికీ ఒళ్ళంతా పొలుసులు, జిగురు. మళ్ళీ విజిల్, నా గడియారం నడిచింది. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ ఎవర్నీ పట్టుకోలేకపోయారు. పట్టుకుంటే సబ్బులా జారిపోవడమే. వెంగళరెడ్డి ఒకణ్ణి రెండు చేతులా వాటేసుకుంటే, వాడు పైనించి జారి గీత దాటాడు. మైపాడు ఇరవై ఐదు, అల్లూరు ఇరవై ఒకటి.

ఊరు గంతులేస్తుండగా సెక్రటరీ గారు షీల్డుని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నారు. కమిటీ విచారిస్తుందన్నారు. ఆ సాయంత్రం మంగమ్మ పచ్చిమామిడికాయ వేసి కవళ్ళ పులుసు చేసింది. నేనూ తిన్నాను, అల్లూరువాళ్ళూ తిన్నారు. సెక్రటరీ గారు తినరు, శాకాహారి. లేకపోతే ఈ గొడవే ఉండేది కాదని నా నమ్మకం.

మళ్ళీ నెల్లూరు

బుధవారం పొద్దున సెక్రటరీ గారి వరండాలో కమిటీ కూర్చుంది. ఆయనా, తలలూపడానికి ఇంకో ఇద్దరూ.

వెంగళరెడ్డిని అడిగారు. "మీకు అభ్యంతరం ఉందా?"

"నాకేం అభ్యంతరం? మేం కూడా తాడు లాగినాం, ఐదు బుట్టలు తెచ్చుకున్నాం."

"అయితే షీల్డు వద్దా?"

"వద్దని నేనెప్పుడన్నా? ఇస్తే తీసుకుంటా. ఇచ్చేదాన్ని కాదనేదానికి నేనేమన్నా పిచ్చోడినా?"

అప్పుడు నా వంతు. జిగురు సంగతి వదిలేశారు, రెండు జట్లకీ ఉంది కాబట్టి. ఐదు నిమిషాల సంగతి కూడా విజిల్ దగ్గర చిక్కుకుంది, అది వేసింది ఆయనే కాబట్టి. చివరికి సెక్రటరీ గారు కళ్ళజోడు సర్దుకుని, "టైము చూసిన మీరు ఒక జట్టువారి నుంచి చేపలు తీసుకున్న మాట నిజమేనా?" అన్నారు.

ఇక్కడ నేను నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది. అది పాలని, తాడు పట్టిన అల్లూరువాళ్ళకీ ఇచ్చారని, చేప ఒక జట్టుది కాదు, ఊరిదని. అంతా సరిగ్గా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నేనేం చేశానంటే, బల్ల మీద గుద్ది, "తీసుకున్నాను! పద్దెనిమిది! తిన్నాను కూడా! బ్రహ్మాండంగా ఉన్నాయి!" అని అరిచాను. కాఫీ గ్లాసు పడిపోయింది. ఆయన చిరునవ్వుతో నా మాటలు మాటకి మాట కాగితం మీద రాసుకుని, కింద సంతకం పెట్టమన్నారు. కోపంలో పెట్టేశాను కూడా.

షీల్డు అల్లూరుకి ఇచ్చేశారు.

బయట అరుగు మీద పోలయ్య కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చాడట. లోపలికి పిలవలేదు, తను వెళ్ళలేదు.

"ఏమన్నారు సామీ?"

"అల్లూరుకిచ్చేశారు. నా వల్లే."

పోలయ్య మోకాలు రుద్దుకున్నాడు. "మీరు అరిసింది యినబడింది లే. బజారంతా యినబడింది."

నాకు మళ్ళీ కోపమొచ్చింది, ఈసారి అతని మీద. "మూడు నిమిషాలు పోలయ్యా! రెండు పాయింట్లు ముందున్నావు. ముసలాళ్ళు తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఆగలేరా? షీల్డు తీసుకుని పోయుండొచ్చు కదా?"

అతను నన్ను కొంచెం జాలిగా చూశాడు. "తాళ్ళు ఒడ్డుకొచ్చినాక వల నిలబడదు సామీ. లాగకుంటే నీళ్ళు తోసేస్తాయి, కింది నించి చేప పోతాది. వల చినిగితే చినగతాది. అది నూటరవై ఇళ్ళ వల. నేను షీల్డు పట్టుకుని నిలబడి చూస్తుండాలా?" లేచి, తువ్వాలు దులుపుకున్నాడు. "షీల్డు కావాలనే ఉండింది సామీ. శానా కావాలనుండింది." కొంత దూరం నడిచి వెనక్కి తిరిగాడు. "మీ పేపర్లో ఏమని ఏస్తారు?"

"మైపాడు గెలిచిందని."

నెల్లూరు ఎక్స్ఛేంజీలో రెండు గంటలు కూర్చుని అదే చెప్పాను. కానీ నాకంటే ముందు సెక్రటరీ గారి టెలిగ్రాం మా ఆఫీసుకి చేరింది. మర్నాడు పత్రికలో మూడు లైన్లు పడ్డాయి, అల్లూరు విజయం అని. పోలయ్యకి చదువు రాదు. చదివిపెట్టేవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. ఇదీ చదువుతారు కాబట్టి సూటిగా రాస్తున్నాను. ఆ ఏటి జిల్లా చెడుగుడు ఛాంపియన్ మైపాడు. కెప్టెన్ పోలయ్య.

ఇక మీకు. మన మద్రాసులో క్రికెట్టు ఐదు రోజులు ఆడతారు. మధ్యాహ్నం భోజనానికి ఆపుతారు. సాయంత్రం టీకి ఆపుతారు. నాలుగు చినుకులు పడితే ఆపుతారు, కొంచెం మబ్బేసినా ఆపుతారు. టిక్కెట్లు కొనుక్కుని కూర్చుని, దాన్ని పెద్దమనుషుల ఆట అంటాం. వండి బల్ల మీద పెట్టిన తిండి కోసం ఆట ఆగితే అది మర్యాద, నూటరవై ఇళ్ళ తిండి నీళ్ళల్లోంచి జారిపోతుంటే ఆగితే అది నేరం! అవును నేరమే అనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఉత్తరాలు వద్దు, వచ్చే వేసవికి నాతో మైపాడు రండి. సగం లాగిన వల తాడు వదిలేసి ఆటకి పొమ్మని ఆ ఒడ్డున నిలబడి మంగమ్మతో మీరు చెప్పగలరా?